ఇంట్లోకి దొంగ వస్తే ఎంతవరకు కొట్టొచ్చు?

2024 మార్చిలో హైదరాబాద్ బేగంపేటలో, పట్టపగలు, కొరియర్ వచ్చిందంటూ ఇద్దరు ఒక ఇంట్లోకి చొరబడ్డారు. ఒకడి దగ్గర నాటు తుపాకీ, ఇంకొకడి దగ్గర కత్తి. ఇంట్లో ఉన్న తల్లీకూతుళ్లు బెదరలేదు. తుపాకీ పట్టుకున్నవాడితో కలబడి, గేటు బయటి దాకా తరిమారు. ఆ పెనుగులాట సీసీ కెమెరాలో రికార్డయింది, దేశమంతా చూసింది. చివరికి దొంగలిద్దరూ పోలీసులకు చిక్కారు. తల్లీకూతుళ్లకు పోలీసులే సన్మానం చేశారు.

అదే పెనుగులాటలో తుపాకీ పేలి దొంగ చనిపోయి ఉంటే? అప్పుడూ సన్మానమేనా, లేక హత్య కేసా? ఇలాంటి ప్రశ్నకు జనం దగ్గర రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "మన దేశంలో దొంగ మీద చెయ్యి వేసినా కేసు మన మీదే" అనేది ఒకటి. "నా ఇంట్లోకి వచ్చాడు, నరికేసినా అడిగేవాడు లేడు" అనేది రెండోది. రెండూ తప్పే. ప్రమాదం ఎదురుగా ఉన్నంతసేపు మన చట్టం ఇంటివాళ్లకు జనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ స్వేచ్ఛ ఇస్తుంది. ఆ ప్రమాదం తొలగిన మరుక్షణం ఇచ్చినదంతా వెనక్కి తీసేసుకుంటుంది. మంచి కేసు చేతిలో ఉన్న ఇంటివాళ్లు కూడా దెబ్బతినేది సాధారణంగా ఆ గీత దాటే చోటే.

ఈ చట్టం పిరికిగా రాసింది కాదు. 1837లో బ్రిటిష్ పాలకులు వేసిన మెకాలే కమిషన్ శిక్షాస్మృతి ముసాయిదా తయారు చేసినప్పుడు వాళ్లను కలవరపెట్టింది జనం అతిగా తిరగబడటం కాదు, అసలు తిరగబడకపోవడం. బందిపోట్లు మీద పడితే జనం పెద్దగా ప్రతిఘటన లేకుండా లొంగిపోతున్నారని, కాబట్టి ఆత్మరక్షణ హక్కుకు షరతుల మీద షరతులు పెట్టడం కంటే ఎదిరించే ధైర్యాన్ని పెంచడమే మేలని వాళ్లు తమ వివరణలో రాసుకున్నారు. (తమ మీద తిరగబడే ధైర్యం కాదులెండి.) ఆ ఆలోచనే 1860 ఐపీసీలో 96 నుంచి 106 వరకు పదకొండు సెక్షన్లయింది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇవే 34 నుంచి 44 వరకు సెక్షన్లుగా దాదాపు మక్కీకి మక్కీ ఉన్నాయి. అందుకే వీటి మీద సుప్రీంకోర్టు ఇచ్చిన పాత తీర్పులన్నీ ఇప్పటికీ పనికొస్తాయి.

మొదట తెలుసుకోవాల్సింది 35వ సెక్షన్. ఎవరైనా తన ప్రాణాన్నీ, ఇతరుల ప్రాణాన్నీ కాపాడుకోవచ్చు. తన ఆస్తినీ, ఇతరుల ఆస్తినీ కాపాడుకోవచ్చు. అంటే పక్కింట్లో దొంగలు పడ్డారని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాడికి కూడా ఇంటి యజమానికి ఉన్నంత హక్కూ ఉంది. అద్దెకుండేవాళ్లకూ ఉంది, వాచ్‌మన్‌కూ ఉంది.

ప్రాణం తీసే దాకా వెళ్లే హక్కు మాత్రం అన్నిటికీ లేదు. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ దాన్ని నాలుగు సందర్భాలకే ఇచ్చింది. దోపిడీ ఒకటి. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇంటికి కన్నం వేయడం రెండోది. మనుషులుండే ఇంటికో సామాను దాచుకునే చోటికో నిప్పు పెట్టడం, పేలుడు పదార్థంతో ధ్వంసం చేయడం మూడోది. చేస్తున్నది మామూలు దొంగతనమో ఇంట్లోకి చొరబడటమో అయినా సరే, అడ్డుకోకపోతే ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయమవుతుందనో భయపడటానికి తగిన కారణం ఉంటే అది నాలుగోది. వీటితో సంబంధం లేకుండా, శరీరానికే ముప్పు వస్తే 38వ సెక్షన్ విడిగా ఉంది. చంపేస్తారన్న భయం, తీవ్రంగా గాయపరుస్తారన్న భయం, అత్యాచారం, ఎత్తుకుపోవడం, యాసిడ్ దాడి లాంటివి అందులోకి వస్తాయి.

బేగంపేట ఘటనకు ఇది అతికించి చూస్తే జవాబు తేలిగ్గానే వస్తుంది. తుపాకీ చూపించి సొత్తు అడగడం దోపిడీ. అది పగలా రాత్రా అన్నది లెక్కలోకి రాదు. పైగా గుండు ఎటు పేలుతుందో తెలియని స్థితిలో ప్రాణభయం ఉండనే ఉంది. ఆ పెనుగులాటలో దొంగ చనిపోయి ఉన్నా తల్లీకూతుళ్లు రెండు సెక్షన్ల రక్షణలో ఉండేవాళ్లు.

చిక్కంతా రెండో సందర్భంలో ఉంది. కన్నం అనగానే గోడకు గునపంతో పెట్టిన రంధ్రమే గుర్తొస్తుంది. చట్టం దృష్టిలో అది చాలా పెద్ద మాట. గోడ దూకినా, కిటికీలోంచి దూరినా, తాళం తీసినా, గుమ్మంలో నిలబడ్డవాణ్ని తోసేసి లోపలికొచ్చినా కన్నమే. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణలు మంచి దొంగతనం పాఠాల్లా ఉంటాయి. తలుపు రంధ్రంలోంచి తీగ పెట్టి గడియ లేపి లోపలికి వచ్చాడు: కన్నమే. ఇంటివాడు పోగొట్టుకున్న తాళంచెవి దొరికితే దానితో తలుపు తెరిచి వచ్చాడు: అదీ కన్నమే. గోడకు చిల్లు పొడిచి చెయ్యి మాత్రమే లోపలికి పెట్టాడు: అది కూడా. మనిషంతా రానక్కర్లేదు, ఒంట్లో ఏ భాగం గడప దాటినా ఇంట్లోకి వచ్చినట్టే.

కానీ వేసవిలో గాలి కోసం తలుపు బార్లా తెరిచి పడుకుంటే, దొంగ తిన్నగా నడుచుకుంటూ లోపలికి వస్తే? అది ఇంట్లోకి అక్రమంగా చొరబడటమే గానీ, అంతమాత్రాన కన్నం కాదు. రెండో సందర్భం వర్తించదు. అతని చేతిలో ఏముంది, ఎదురుపడ్డప్పుడు ఏం చేశాడు అనే లెక్కతో నాలుగో సందర్భంలోకి తీసుకురావాలి.

పగలూ రాత్రీ లెక్క మరీ విచిత్రం. సాయంత్రం ఆరు గంటలకు ఒకడు తాళం పగలగొట్టి ఇంట్లోకి వచ్చాడనుకోండి. హైదరాబాద్‌లో డిసెంబర్ అయితే అప్పటికే పొద్దుగూకింది కాబట్టి ఇంటివాళ్లకు ప్రాణం తీసే దాకా హక్కు ఉంటుంది. అదే జూన్ అయితే ఇంకా ఎండ ఉంది కాబట్టి, ప్రాణభయం ఉందని వేరే చూపించుకోవాలి. దీపాలు, ఫోన్లు, పోలీసు వ్యవస్థ లేని కాలంలో ఈ తేడాకు అర్థం ఉంది. చీకట్లో వచ్చినవాడు ఎవరో, ఎంతమందో, చేతిలో ఏముందో తెలిసే వీల్లేదు, పిలిస్తే పలికేవాళ్లూ లేరు. ఇవాళ అపార్ట్‌మెంట్లలో రాత్రి పన్నెండింటికి కారిడార్ నిండా లైట్లే. మధ్యాహ్నం పదకొండింటికి ఫ్లోరంతా ఆఫీసులకు పోయి, ఇంట్లో ఒక్క ముసలావిడే మిగులుతుంది. ఆవిడకు అర్ధరాత్రి కంటే పట్టపగలే ప్రమాదం. ఐపీసీని మార్చి రాసినవాళ్లు "రాత్రి" అన్న మాట తీసేసి "సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు" అని పెట్టారు. లెక్క పాతదే, ఇంటావిడ పరిస్థితీ మారలేదు. ఒక మంచి అవకాశం వదిలేశారనే చెప్పాలి.

ఈ నాలుగింటిలోకీ రానివాటికి 42వ సెక్షన్ ఉంది. చావు తప్ప, అవసరమైన ఏ దెబ్బైనా వేయొచ్చు అంటుంది. కాంపౌండ్‌లో పెట్టిన బైకు తోసుకుపోతున్నవాడు, పెరట్లో మోటారు విప్పుతున్నవాడు, చెట్టెక్కి కొబ్బరికాయలు దించుతున్నవాడు ఈ కోవలోకి వస్తారు. పట్టుకోవచ్చు, పడేయొచ్చు, విదిలించుకుని పోబోతే కొట్టొచ్చు. గొడ్డలితో నెత్తి మీద కొట్టకూడదు. అదే బైకు దొంగ పారిపోవడానికి కత్తి తీసి తిరగబడితే లెక్క మొత్తం మారిపోతుంది. దొంగతనం చేయడానికో, దొంగిలించింది పట్టుకుపోవడానికో దెబ్బ కొట్టినా, కొడతానని భయపెట్టినా ఆ దొంగతనం అక్కడికక్కడే దోపిడీ అయిపోతుంది. దాంతో ఇంటివాడి హక్కు కూడా 42 నుంచి 41కి పెరుగుతుంది.

హక్కు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిపోతుంది

మొదలవడానికి దెబ్బ తగలనక్కర్లేదు. భయపడటానికి తగిన కారణం కనిపించిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. వాడు మొదట కొట్టే దాకా ఆగాలన్న రూలు ఎక్కడా లేదు. కొట్టే ముందు, కొలబద్ద పెట్టుకుని ఇంత దెబ్బకు ఇంత దెబ్బ అని లెక్క వేయాలన్న రూలూ లేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు మాట 1960ల నుంచీ ఒకటే. ప్రాణభయంలో ఉన్నవాడి దెబ్బను బంగారం తూచే త్రాసులో పెట్టి తూచకూడదు అన్నది కోర్టుల్లో నలిగిన మాట. 2010లో దర్శన్ సింగ్ కేసులో జస్టిస్ దల్వీర్ భండారీ ధర్మాసనం ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట చేర్చి పది అంశాలుగా రాసింది. నిజంగా ప్రమాదం ఉండాల్సిన పని లేదు, ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు అన్నది అందులో ముఖ్యమైనది.

పోలీసులకు ఫోన్ చేసే టైమ్ ఉంటే ఈ హక్కు లేదని 37వ సెక్షన్ చెబుతుంది. దీన్ని అడ్డం పెట్టుకుని "వంద గజాల్లో స్టేషన్ ఉంది కదా, ఎందుకు కొట్టావు" అని ప్రాసిక్యూషన్ అడుగుతూ ఉంటుంది. తలుపు విరుగుతుంటే 112కు ఫోన్ చేయడం తెలివైన పని. కానీ ఫోన్ చేసి చేతులు కట్టుకుని కూర్చోమని చట్టం చెప్పలేదు. 1967లో మున్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది: తన అనుభవంలో (స్వాధీనంలో) ఉన్న ఆస్తి మీదికి బలవంతంగా వస్తుంటే, దాన్ని వదిలేసి అధికారుల దగ్గరికి పరిగెత్తాల్సిన పని లేదు. టైమ్ ఉందా లేదా అన్నది స్టేషన్ ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి కాదు, పోలీసులు వచ్చేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుందా అన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆగిపోవడం గురించి 43వ సెక్షన్ చెబుతుంది. దొంగతనంలో, దొంగ సొత్తుతో తప్పించుకుపోయే దాకానో, సొత్తు దొరికే దాకానో, పోలీసుల సాయం అందే దాకానో హక్కు ఉంటుంది. దోపిడీలో, దెబ్బల భయం ఉన్నంతసేపే ఉంటుంది. రాత్రి కన్నం వేసినవాడి విషయంలో, అతను ఇంట్లో ఉన్నంతసేపే ఉంటుంది. గోడ దూకి రోడ్డు మీద పడ్డాక, కన్నం పేరు చెప్పి ప్రాణం తీసే హక్కు అయిపోయినట్టే. చేతిలో సొత్తు ఉంటే వెంటపడి లాక్కోవచ్చు, ఆ పెనుగులాటలో దెబ్బలు తగిలినా ఫర్వాలేదు. ఒట్టి చేతులతో పారిపోతున్నవాణ్ని వెనక నుంచి కొడితే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ గీత ఎంత కచ్చితమో 1962 నాటి జైదేవ్ కేసు చూపిస్తుంది. పొలం తగాదా. రెండు పక్షాలూ గుంపులుగా వచ్చాయి, తుపాకులు పేలాయి. తమ మీదికి వచ్చినవాళ్లను ఎదిరించే హక్కు పొలంలో ఉన్న పక్షానికి ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ అవతలివాళ్లు పారిపోవడం మొదలుపెట్టాక, దూరంగా పరిగెత్తుతున్నవాళ్ల మీద కూడా కాల్చారు. ఆ తూటాలకు ఆత్మరక్షణ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే గొడవ, అవే తుపాకులు. కొన్ని నిమిషాల తేడాలో ఒక తూటా హక్కు, ఇంకో తూటా హత్య. ఇంటి కేసుల్లోనూ పోస్టుమార్టం రిపోర్టులో మొదట చూసేది గాయం ఛాతీ మీద ఉందా వీపు మీద ఉందా అనే.

"దొంగను పట్టుకుని దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించిన స్థానికులు" అని జిల్లా పేజీల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. ఇందులో పట్టుకోవడం, అప్పగించడం రెండూ చట్టబద్ధమే. కళ్ల ముందే పెద్ద నేరం చేసినవాణ్ని మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చని, అరెస్టు, విచారణల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఆ ఆరు గంటల గడువు కొత్త చట్టంలో చేరింది. మధ్యలో ఉన్న దేహశుద్ధి మాత్రం నేరం. చేతులు కట్టేసి స్తంభానికి కట్టిన మనిషి ఎవరికీ ప్రమాదం కాడు. అతన్ని కొట్టడం ఆత్మరక్షణ కాదు, కసి తీర్చుకోవడం. అతను చనిపోతే చెయ్యి వేసిన ప్రతివాడూ ముద్దాయే. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో పుకార్లు పుట్టినప్పుడు తెలుగు రాష్ట్రాల్లోనే అమాయకులు మూకల చేతిలో చచ్చిపోయారు. వాళ్లలో దొంగలు కూడా లేరు.

కరెంటు తీగ కేసు

ఇంట్లో లేనప్పుడు దొంగ వస్తే ఎలా? కొందరు దీనికి ఉచ్చుతో జవాబు చెబుతారు. చట్టం అన్నిటికంటే కఠినంగా ఉండేది ఇక్కడే.

1959లో బిహార్‌లో జరిగిన సంగతి ఇది. ఒక ఇంటి మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. లోపలున్నవాళ్లు బయటికి కనిపించే పరిస్థితి. దాంతో ఆ ఇంటివాళ్లు పక్కనే ఉన్న చెరుబిన్ గ్రెగరీ అనే వ్యక్తి మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. రావొద్దని ఆయన చాలాసార్లు చెప్పాడు. వినలేదు. చివరికి మరుగుదొడ్డికి వెళ్లే దారికి అడ్డంగా ఒక రాగి తీగ కట్టి, ఇంట్లోంచి దానికి కరెంటు ఇచ్చాడు. తీగ మీద తొడుగు లేదు, హెచ్చరిక బోర్డు లేదు. పక్కింటి ఆవిడ లోపలికి వెళ్లేటప్పుడు ఆ తీగకు తగలకుండా వెళ్లింది. బయటికి వస్తుంటే చెయ్యి తగిలింది. కొద్దిసేపట్లోనే ప్రాణం పోయింది.

ఆమె తన స్థలంలోకి అక్రమంగా వచ్చింది కాబట్టి తన తప్పు లేదని అతను సుప్రీంకోర్టు దాకా వాదించాడు. 1963లో కోర్టు ఒప్పుకోలేదు. అక్రమంగా వచ్చినవాడు చట్టం వదిలేసిన మనిషి కాడు. నేరుగా చేయకూడని హింసను, ఒక వస్తువును అమర్చి దాని చేత చేయించకూడదు. నిర్లక్ష్యం వల్ల మరణం కింద పడిన శిక్ష ఖాయమైంది. ఇంతకీ ఆ చనిపోయినావిడ దొంగతనానికి రాలేదు, కూలిన గోడ వల్ల పరువు కాపాడుకోవడానికి వచ్చింది. ఉచ్చుతో వచ్చే అసలు చిక్కు అదే: వచ్చింది ఎవరో, ఎందుకో దానికి తెలియదు. మనిషైతే ఎదురుగా ఉన్నది ముసలావిడ అని చూసి ఆగుతాడు, కరెంటు ఆగదు.

ఈ తీర్పు ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇవాళ్టికీ వర్తిస్తుంది. అడవి పందుల నుంచి మొక్కజొన్న, వేరుశనగ కాపాడుకోవడానికి చేలకు దొంగతనంగా కరెంటు తీగలు చుట్టడం మామూలైపోయింది. తెల్లవారుజామున పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క రైతు దానికి తగిలి చనిపోయిన వార్తలు ఏటా వస్తాయి. కొన్నిసార్లు తీగ కట్టిన రైతు ఇంట్లోవాళ్లే పోతారు. పంట నష్టం నిజమే, ఆ బాధ కూడా నిజమే. కానీ "పందుల కోసం పెట్టాను" అన్న మాట కేసు నుంచి బయటపడేయదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలోనూ ఇలాంటిదే జరిగింది. ఎవరూ ఉండని పాత ఇంట్లో గది తలుపుకు తుపాకీ బిగించి, తలుపు తీస్తే పేలేలా పెట్టారు. పాత సీసాల కోసం దూరినవాడి కాలు తూట్లు పడింది. 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇంటివాళ్లు దొంగకే 30,000 డాలర్లు చెల్లించాలన్న తీర్పును ఖాయం చేసింది. తుపాకుల దేశంలో కూడా ఉచ్చుకు దిక్కు లేదు.

గోడ మీద గాజు పెంకులు, ఇనుప మొనలు, "కుక్క ఉంది జాగ్రత్త" బోర్డు వేరే సంగతి. అవి కనిపిస్తాయి, రావొద్దని చెబుతాయి. దాచిపెట్టి చంపేది ఉచ్చు.

వచ్చినవాడు దొంగ కాకపోతే

36వ సెక్షన్ కింద ఒక చిన్న ఉదాహరణ ఉంది. ఒకతను రాత్రిపూట, తనకు హక్కున్న ఇంట్లోకే వెళ్తాడు. లోపలున్న రెండో అతను దొంగ అనుకుని నిజాయితీగానే పొరబడి మీద పడతాడు. పొరబడి కొట్టినవాడిది నేరం కాదు. కానీ దెబ్బ తింటున్నవాడికి కూడా తిరిగి కొట్టే హక్కు పూర్తిగా ఉంది. ఇద్దరిలో ఎవరూ నేరస్థులు కారు, ఒకరి చేతిలో ఒకరు చచ్చినా సరే. చట్టం చాలా తెలివిగా రాసింది, కానీ చదువుతుంటే కొంచెం భయమేస్తుంది. చెప్పకుండా రాత్రి బస్సు దిగి ఇంటికొచ్చిన అన్నయ్య కావచ్చు, తాగి ఫ్లోరు మర్చిపోయి పక్క ఫ్లాట్ తలుపు కొడుతున్నవాడు కావచ్చు. "ఎవరది" అని గట్టిగా అరవడం, లైటు వేయడం వల్ల పోయేదేమీ లేదు. నిజాయితీగా పొరబడ్డానని తర్వాత చెప్పుకోవడానికి కూడా ఆ అరుపే సాక్ష్యం.

పోలీసుల విషయంలో వేరే నియమం ఉంది. ఉద్యోగరీత్యా సదుద్దేశంతో వచ్చిన అధికారి మీద, అతని కాగితాల్లో చిన్న లోపాలున్నా సరే, ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయమవుతుందనో భయపడే కారణం లేనంతవరకు ఈ హక్కు వాడటానికి వీల్లేదు. కాకపోతే వచ్చినవాడు పోలీసని తెలియకపోతే, తెలుసుకునే ఆధారమూ లేకపోతే, మఫ్టీలో అర్ధరాత్రి తలుపు విరగ్గొట్టినవాణ్ని దొంగగానే చూడొచ్చు.

ఇంకో పొరపాటు స్థలాల యజమానులు చేస్తారు. అమెరికాలో ఉంటూ ఇక్కడ ప్లాటు కొని ఐదారేళ్లు చూడకుండా వదిలేస్తారు. తిరిగొచ్చి చూస్తే అందులో రేకుల షెడ్డు, ఒక సంసారం, కరెంటు మీటరు. కాగితాలు మనవే కదా అని నలుగురు మనుషుల్నీ ఒక జేసీబీనీ తీసుకెళ్తే, చట్టం దృష్టిలో చొరబడింది వీళ్లే. ఈ సెక్షన్లు కాపాడేది కాగితం మీద ఉన్న హక్కును కాదు, అనుభవంలో ఉన్న ఆస్తిని. 1975లో పూరన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. ఆక్రమించేవాడు వస్తున్నప్పుడు అడ్డుకోవచ్చు. వచ్చి, యజమానికి తెలిసీ స్థిరపడిపోయాక బలం వాడటానికి లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. యజమాని బలవంతంగా వెళ్లగొట్టినా, స్థిరపడ్డవాడు ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద కేసు వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు. ఆ కేసులో యజమాని ఎవరన్న ప్రశ్న రానే రాదు. అద్దె ఇవ్వలేదని తాళం పగలగొట్టి సామాను బయటపడేసే ఇంటి ఓనరుకూ ఇదే వర్తిస్తుంది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇక్కడి లెక్క అక్కడ పనికిరాదు. బంగారం ఉంటుందని భారతీయుల ఇళ్లనే ఎంచుకునే ముఠాలు అక్కడ ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకూ ఉంది. రాష్ట్రానికో చట్టం. టెక్సస్‌లో రాత్రిపూట దొంగతనం చేసి సొత్తుతో పారిపోతున్నవాడి మీద కూడా, ఇంకో దారి లేదని సహేతుకంగా నమ్మితే, ప్రాణాంతక బలం వాడొచ్చు. డాలస్‌లో చెల్లే ఈ మాట న్యూజెర్సీలో చెల్లదు. ఇంట్లో మనిషికి ముప్పు లేనప్పుడు సామాను కోసం పారిపోయేవాణ్ని కాలిస్తే అక్కడ జైలే. తుపాకీ చేతిలో ఉంటే పొరపాటు ఖరీదు కూడా పెరుగుతుంది. 1992లో లూసియానాలో హాలోవీన్ పార్టీకి వెళ్తూ పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టిన 16 ఏళ్ల జపాన్ విద్యార్థిని ఇంటివాడు కాల్చి చంపాడు. క్రిమినల్ కేసులో అతను నిర్దోషిగా బయటపడ్డాడు, సివిల్ కోర్టు మాత్రం భారీ పరిహారం వేసింది. 2023లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి ఇల్లు మారిపోయి బెల్ కొట్టిన కుర్రాడిని 84 ఏళ్ల ఇంటివాడు తలుపు లోపలి నుంచే కాల్చాడు. కుర్రాడు బతికాడు. ముసలాయన తర్వాత నేరం ఒప్పుకున్నాడు.

ఇంగ్లండ్‌లో 1999లో టోనీ మార్టిన్ అనే రైతు తన ఇంట్లోకి వచ్చిన ఇద్దరు దొంగల మీద కాల్పులు జరిపాడు. వాళ్లలో 16 ఏళ్ల కుర్రాడు వీపులో తూటా తగిలి చనిపోయాడు. మొదట హత్య కింద శిక్ష పడింది. అప్పీలులో అది తగ్గింది గానీ, ఆత్మరక్షణ అని కాదు, ఆయన మానసిక స్థితిని బట్టి. దేశం రెండుగా చీలి వాదించుకుంది. 2013లో చట్టం మార్చారు: ఇంట్లోకి వచ్చినవాడి మీద వాడిన బలం కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, మరీ విపరీతంగా ఉండకూడదు. పగలూ రాత్రీ తేడా అందులో లేదు. మనం సంహిత రాసుకునేటప్పుడు చూసి ఉండాల్సింది ఇదే.

కేసు తప్పదు, కానీ

మన దగ్గర ఇంట్లో ఒక మనిషి చనిపోతే పోలీసులు కేసు పెట్టకుండా వెళ్లరు. అది ఇంటివాడికి జరిగిన అన్యాయం కాదు. చావు ఎలా జరిగిందో తేల్చాలి కదా. ఆత్మరక్షణ అని చూపించాల్సిన భారం ముద్దాయి మీదే ఉంటుంది. కానీ ఆ భారం ప్రాసిక్యూషన్ మీద ఉండేంత బరువుది కాదు. అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, జరిగిన తీరు చూస్తే అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. విరిగిన గడియ, కిందపడ్డ స్క్రూడ్రైవర్, ఇంటివాడి చేతి మీద కత్తి గాటు, 112కు వెళ్లిన ఫోన్ టైమ్, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

హక్కు ఉండి హద్దు దాటినవాడికి కూడా చట్టం ఒక మెట్టు దించుతుంది. ముందుగా అనుకోకుండా, అవసరానికి మించి హాని చేయాలన్న ఉద్దేశం లేకుండా, ఆత్మరక్షణలో దెబ్బ ఎక్కువైపోయి మనిషి చనిపోతే అది హత్య కాదని న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు చెబుతుంది. అప్పుడు 105వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. అది కూడా తక్కువేమీ కాదు. చంపాలన్న ఉద్దేశంతోనే కొట్టాడని తేలితే ఐదేళ్ల నుంచి పదేళ్లు లేదా యావజ్జీవం, ఉద్దేశం లేకున్నా చావొచ్చని తెలిసి కొట్టాడని తేలితే పదేళ్ల వరకు.

టెన్షన్‌లో ఇంటివాళ్లు చేసే పెద్ద తప్పు వేరే ఉంది. మనిషి చచ్చిపోయాడని తెలియగానే నెత్తురు కడిగేయడం, కర్ర దాచేయడం, "వాడే మేడ మీంచి పడ్డాడు" అని అందరూ కలిసి ఒక కథ అల్లడం. ముద్దాయి తనంతట తాను ఆత్మరక్షణ అని చెప్పకపోయినా, సాక్ష్యాల్లో అది కనిపిస్తే కోర్టు పరిగణించాలని మున్షీరామ్ తీర్పు చెప్పింది, నిజమే. కానీ కడిగేసిన నేల మీద ఆ సాక్ష్యం ఎక్కడ మిగులుతుంది? మేడ మీంచి పడ్డ మనిషి నుదుటి మీద కర్ర దెబ్బ ఎలా వచ్చిందని మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే అడుగుతారు. ఆ ఒక్క అబద్ధం తేలాక, కత్తి పట్టుకుని మీదికొచ్చాడన్న నిజాన్ని కూడా జడ్జి నమ్మడు.